తుపాకీ మరమ్మతు విద్యకు చట్టబద్ధమైన దారి చూపాలి

సంపాదకులకు,

అయ్యా,

కడప జిల్లాలో చాలా ఏళ్లు ఫిట్టర్ ట్రేడు బోధించి విశ్రాంతి తీసుకొన్నవాడిని. ఐటీఐ పూర్తిచేసిన కుర్రవాళ్లలోను, పదో తరగతి గట్టెక్కి ఏం చదవాలా అని తిరిగే పిల్లల్లోను ‘తుపాకులు బాగుచేసే పని ఎక్కడ నేర్పుతారు సార్?’ అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒలింపిక్ పతకాలు చూసి కొందరు, సైన్యంలో పనిచేసి వచ్చిన చిన్నాయన కబుర్లు విని కొందరు, సెల్‌ఫోనులో విదేశీ వీడియోలు చూసి చాలామంది అడుగుతున్నారు. మన జిల్లాల్లో ఈ ప్రశ్నకు పెద్దల నుంచి వచ్చేది సాధారణంగా మందలింపే. అడిగిన పిల్లవాడు అంతటితో ఊరుకొంటే సరే. ఊరుకోనివాడు సమాధానం కోసం ఎక్కడికి వెళతాడన్నది నన్ను కలవరపెడుతోంది. ఈ విద్యను చట్టానికి లోబడి నేర్చుకొనేందుకు ఒక దారి ఉండాలని, ప్రభుత్వం దానిని ఏర్పరచాలని కోరుతూ, మొదటి మెట్టు మీద ఉన్నవారు ఏం తెలుసుకోవాలో కూడా నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా చట్టం. 1959 ఆయుధ చట్టంలోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని తయారుచేయడం, అమ్మడంతో పాటు మరమ్మతు చేయడం, పరీక్షించడం కూడా నేరమే. చాలామంది పిల్లలు తయారీ మాత్రమే తప్పు అనుకొంటున్నారు. పక్కింటి ఆయన లైసెన్సు తుపాకీ ట్రిగ్గర్ పట్టేసిందని తెచ్చిస్తే ఇంట్లో కూర్చుని విప్పిపెట్టిన కుర్రవాడు, ఒక్క పైసా తీసుకోకపోయినా, కేసులో ఇరుక్కొనే ప్రమాదం ఉంది. 2019లో వచ్చిన సవరణతో ఈ నేరానికి కనీస శిక్ష 3 సంవత్సరాల నుంచి 7 సంవత్సరాలకు పెరిగింది, గరిష్ఠం యావజ్జీవం. గొట్టాన్ని కోసి పొట్టిచేయడం, బొమ్మ తుపాకీని నిజమైనదిగా మార్చడం 6వ సెక్షను కిందికి వస్తాయి. వాటికీ ఇదే శిక్ష. అదే సవరణ ఒక లైసెన్సుదారు ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను 3 నుంచి 2కు తగ్గించింది. వీడియోల్లో కనబడే అమెరికా పౌరుడు తన షెడ్డులో సొంత తుపాకీని విప్పి, అరగదీసి, మళ్లీ బిగించుకొంటున్నాడంటే అక్కడి చట్టం వేరు. ఆ వీడియో చూసి ఇక్కడ ఆకురాయి అందుకొనేవాడికి ఆ తేడా చెప్పే మనిషి ఆ తెర మీద ఉండడు.

అయితే చట్టం ఈ వృత్తిని నిషేధించలేదు. లైసెన్సు పొంది, వచ్చిన ప్రతి ఆయుధాన్ని దాని యజమాని లైసెన్సు వివరాలతో సహా రిజిస్టరులో నమోదు చేసుకొంటూ పనిచేసే మరమ్మతుదారును చట్టం గుర్తించింది. అటువంటివాడి అవసరమూ ఉంది. బ్యాంకు ముందు నిలబడే కాపలాదారు భుజాన వేలాడే 12 బోరు తుపాకీ మొదలు పంట కాపలాకు, ఆత్మరక్షణకు అనుమతి పొందినవారి తుపాకుల వరకు ఈ నాలుగైదు జిల్లాల్లో ఉన్నవన్నీ ఏదో ఒకనాడు మరమ్మతుకు వచ్చేవే. వాటిలో కొన్ని తాతల నాటివి. వాటిని సరిగా చూడగలిగిన పనివాళ్లు తగ్గిపోతున్నారు. వారి స్థానంలోకి వచ్చేవారికి నేర్పే బడి మన రాష్ట్రంలో నాకు తెలిసినంతలో ఒక్కటీ లేదు. 2016 ఆయుధ నిబంధనలు లైసెన్సు కోరేవారు ఆయుధాన్ని భద్రంగా వాడడంలో, దాచడంలో శిక్షణ పొందాలన్నాయి. మంచిదే. కాల్చేవాడికి శిక్షణ కావాలన్నప్పుడు, ఆ తుపాకీని విప్పి బిగించేవాడికి ఇంకెంత శిక్షణ కావాలి?

ఈ పని అంటే ఏమిటో పిల్లలకు సరైన ఊహ లేదన్నది నా అనుభవం. వారు తూటా, శబ్దం, గురి గురించి అడుగుతారు. పని బల్ల దగ్గర వాటికి చోటు తక్కువ. అక్కడ ఉండేది లోహం, కర్ర, కొలత. ఐటీఐలో ఫిట్టర్ విద్యార్థికి మొదట ఇచ్చేది ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి. ఆ ముక్కను చదునుచేసి, మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నని వెలుగుగీత కూడా కనబడకూడదు. వారాల తరబడి ఇదే పని. చేతులు బొబ్బలెక్కుతాయి, విసుగు పుడుతుంది, సగం మంది ఇదేం చదువని మొహం మాడ్చుకొంటారు. తుపాకీ పనికి అసలైన పునాది ఇదే. రెండు లోహపు ముఖాలు ఎక్కడ ఒరుసుకొంటున్నాయో తెలుసుకోవడానికి ఫిట్టర్ ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పూస్తాడు. తుపాకీ పనివాడు దీపపు మసి పట్టించి, కర్ర దిమ్మలో లోహాన్ని కూర్చోబెట్టి తీసి, మసి అంటిన చోటు మాత్రమే వెంట్రుకవాసి గీకుతాడు. మళ్లీ కూర్చోబెడతాడు, మళ్లీ తీస్తాడు. ఒక పూటంతా ఇలా చేయగల ఓర్పు లేనివాడు ఈ విద్య జోలికి రాకపోవడం మేలు.

స్క్రూడ్రైవరు సంగతి కూడా చెప్పాలి. మంచి తుపాకీకి ఉండే మరల (స్క్రూల) తలల్లో గాడి చాలా సన్నగా ఉంటుంది. బజారులో దొరికే స్క్రూడ్రైవరు మొన వాలుగా ఉండి ఆ గాడిలో పూర్తిగా దిగదు. తిప్పగానే జారి అంచులు చెక్కేస్తుంది. అందుకే తెలిసినవాడు ఒక్కొక్క గాడికి సరిపడేలా మొనను సానపట్టుకొంటాడు. ఒక తుపాకీని ఇంతకుముందు ఎవరు ఎలా విప్పారో మరల తలలు చూసి చెప్పవచ్చు. అవి చిట్లి ఉంటే లోపలి స్ప్రింగుల జోలికి కూడా అటువంటి చేయే పోయి ఉంటుందని అనుకొని జాగ్రత్త పడాలి.

స్ప్రింగులు వేరే అధ్యాయం. పాత జంట గొట్టాల తుపాకుల్లో మడత స్ప్రింగులు ఉంటాయి. విరిగిన దాని స్థానంలో కొత్తది చేయాలంటే ఉక్కును కాల్చి, ముంచి, గట్టిపరచి, ఆపై రంగు చూస్తూ పదును దించాలి. శుభ్రం చేసిన ఉక్కు మీద 220, 230 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగు, 300 డిగ్రీల దగ్గర నీలం వస్తాయి. గడ్డిరంగులో ఆపితే అంచు నిలిచే పనిముట్టు అవుతుంది గాని స్ప్రింగుగా వాడితే పుటుక్కున విరుగుతుంది. ఇదంతా మన కొలుముల దగ్గర కమ్మరులు గొడ్డళ్లకు, కొడవళ్లకు తరతరాలుగా చేస్తున్న పనే. ఆ కుటుంబాల పిల్లలకు ఈ విద్యలో సగం ఇంట్లోనే ఉంది. ప్రొద్దుటూరు స్వర్ణకారుల చేతి నగిషీని కూడా ఇక్కడ తలచుకోకుండా ఉండలేను; యూరప్‌లో ఖరీదైన తుపాకుల మీద చెక్కడపు పని చేసేవారిది ప్రత్యేక వృత్తి.

కొలతల విషయానికి వస్తే ప్రాణాపాయం మొదలవుతుంది. 12 బోరు అంటే ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా చేసినప్పుడు ఒక గుండుకు వచ్చే వ్యాసం, సుమారు 18.5 మిల్లీమీటర్లు. గొట్టం మొదట్లో తూటా కూర్చొనే గది పాత తుపాకుల్లో 65 మిల్లీమీటర్లు, తర్వాతి వాటిలో 70 మిల్లీమీటర్లు ఉంటుంది. 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల గదిలో కూడా చక్కగా కూర్చొంటుంది, ఎందుకంటే ఆ కొలత పేలి విచ్చుకొన్న తూటాది, మూతి మడిచి ఉన్నప్పుడు అది పొట్టిగా ఉంటుంది. కాల్చిన క్షణంలో మూతి విచ్చుకోవడానికి చోటు చాలక దారి ఇరుకై ఒత్తిడి పెరిగిపోతుంది. యజమానికి ఇది తెలియదు, తూటా పట్టింది కాబట్టి సరిపోయిందనుకొంటాడు. గది పొడవు కొలిచి చెప్పవలసినది మరమ్మతుదారే. నల్ల తుపాకీ మందు కాలంలో చేసిన గొట్టాలలో నేటి పొగలేని మందు తూటాలు కాల్చరాదన్న సంగతి కూడా అంతే.

ఒత్తిడి అంటే ఎంత? నేటి 12 బోరు తూటా పేలినప్పుడు గదిలో 700 బార్ల దాకా పోగలదు. రోడ్డు మీద లారీ టైరు పేలితే జనం ఉలిక్కిపడతారు. అందులో ఉండే గాలి 8 బార్ల చుట్టుపక్కల. నీటి గొట్టం కోసి నాటు తుపాకీ చేసేవాళ్లకు ఈ లెక్క తెలియదు. నీటి పైపుల్లో ఎక్కువ రకాలు రేకును చుట్టి అతుకు వేసినవి. ఆ అతుకు నీటి ఒత్తిడికి చేసినది. మొదటి నాలుగు సార్లు ఏమీ కాకపోవచ్చు. ఆ తర్వాత అది కాల్చేవాడి ఎడమ అరచేతి దగ్గరో, కంటి దగ్గరో విచ్చుకొంటుంది. వేరుశనగ చేలో అడవిపందుల బాధ పడలేక బర్మారు అనే నాటు తుపాకీ చేయించుకొనే రైతు కష్టం నాకు తెలుసు. కాని ఆ పని ఆయన చేతికీ ముప్పే, కోర్టులోనూ ముప్పే.

ఇందువల్లనే తుపాకులు తయారయ్యే దేశాల్లో కొత్త గొట్టాన్ని మామూలు తూటాకన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో పరీక్షించి ముద్ర వేస్తారు. లండన్ తుపాకీ పనివారి సంఘానికి 1637లోనే రాజపత్రం ఉంది. బర్మింగ్‌హామ్ పరీక్షాగృహం 1813లో చట్టం ద్వారా ఏర్పడింది. నేర్చుకొనేవాడు ముందు ఈ ముద్రలు చదవడం నేర్చుకోవాలి. ఏ ముద్రా లేని గొట్టాన్ని ఎవరు ఎంత బతిమాలినా బల్ల మీదికి తీసుకోకూడదు.

మన ఎండల సంగతి పుస్తకాల్లో ఉండదు. అనంతపురం వేసవికి తుపాకీ దిమ్మలోని వాల్‌నట్ కర్ర కుంచించుకొని మరలు వదులవుతాయి. యజమాని వాటిని బలంగా బిగిస్తాడు. వానలకు కర్ర ఉబ్బి, బిగించిన చోట నెర్రె విచ్చుకొంటుంది. అవిసె నూనె పలుచగా, పొర ఆరిన తర్వాత పొరగా పట్టిస్తే తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి. నల్ల తుపాకీ మందు మసి గాలిలోని తేమను పీల్చుకొంటుంది కాబట్టి కాల్చిన రోజే కడగకపోతే గొట్టంలో గుంటలు పడతాయి. ఇటువంటి చిన్న జాగ్రత్తలే ఈ వృత్తిలో ఎక్కువ పాలు.

చేయకూడని వాటిలో ఒక్కటి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తవారికి ట్రిగ్గరును తేలిక చేయాలనే ఉబలాటం ఎక్కువ. ట్రిగ్గరు కింద ఒకదానికొకటి ఆనుకొని ఉండే రెండు చిన్న అంచుల మీదే తుపాకీ నమ్మకమంతా నిలిచి ఉంటుంది. వాటి గట్టితనం పైపొరలోనే ఉండవచ్చు. ఆ పొర అరిగితే ఒకనాడు తుపాకీ నేలకు తగలగానే పేలుతుంది. అనుభవజ్ఞుడైన గురువు పక్కన లేనిదే ఆ అంచులను ముట్టుకోరాదు. ఇక బల్ల దగ్గర నిజమైన తూటా ఉండనే కూడదు. పరీక్షలన్నీ ఉత్తుత్తి తూటాతోనే జరగాలి. తుపాకీ చేతికి వచ్చిన ప్రతిసారీ, ఇచ్చినవాడు ఖాళీదని ప్రమాణం చేసినా, తెరిచి కంటితో చూడాలి, వేలితో తడమాలి.

నా మాటకు వచ్చే అభ్యంతరం నాకు తెలియనిది కాదు. ‘కడపలో కూర్చుని తుపాకుల విద్య నేర్పమంటావా? మేము చూసిన బాంబులు, వేటకొడవళ్లు చాలవా?’ అని అడిగేవారు ఉంటారు. వారి భయం ఊరికే పుట్టింది కాదు. ముఠా కక్షల్లో మగదిక్కు పోగొట్టుకొన్న ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. ఆ ఇళ్లలోని తల్లులకు తుపాకీ అన్న మాటే గిట్టదు. నేను వారితో వాదించను. కాని ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. ఆ కక్షల్లో వాడిన నాటు బాంబులను ఏ బడిలో చదివినవాళ్లూ చుట్టలేదు. దొంగ తుపాకీ చేసేవాడికి రిజిస్టరు లేదు, పోలీసు విచారణ లేదు, ఎవరికీ జవాబుదారీ కాడు. చట్టం లోపల వృత్తి నేర్చిన మనిషికి మాత్రం పోగొట్టుకోవడానికి లైసెన్సు ఉంటుంది, తన దగ్గరకు వచ్చిన అనుమానాస్పదమైన ఆయుధం గురించి పోలీసులకు చెప్పవలసిన బాధ్యత ఉంటుంది. అయినా అడిగిన ప్రతివాడికీ నేర్పాలని నేను అనను. పోలీసు విచారణ, కుటుంబ నేపథ్యం, కక్షల్లో ప్రమేయం అన్నీ చూడాలి. పదిమంది అడిగితే ఇద్దరికి సీటు దొరికినా చాలు.

చరిత్రలోనూ ఒక విషయం ఉంది. గండికోట వంటి కోటలు, పాలెగాళ్ల బలగాలు ఉన్న సీమలో తుపాకీ మరమ్మతు తెలిసిన కమ్మరులు లేకుండా ఉండే అవకాశం లేదు. 1800లో ఈ ప్రాంతం దత్త మండలాలుగా కుంపిణీ చేతికి పోయింది, థామస్ మన్రో పాలెగాళ్లను అణచివేశాడు; 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధ చట్టం భారతీయుల చేతుల్లోని ఆయుధాలను కట్టడి చేసింది. సరిగ్గా అదే 1878లో ఆస్ట్రియాలోని ఫెర్లాక్ అనే చిన్న ఊరిలో అక్కడి ప్రభుత్వం తుపాకీ పనివారికోసం ఒక వృత్తి విద్యాలయం తెరిచింది. అది నేటికీ నడుస్తోంది. బెల్జియంలోని లియేజ్‌లోను అటువంటి బడి ఉంది; అమెరికాలో కొలరాడో రాష్ట్రపు ట్రినిడాడ్ కళాశాలలో 1947 నుంచి ఈ కోర్సు ఉంది. మన దేశంలో బీహారులోని ముంగేర్ పట్టణానికి బెంగాలు నవాబు మీర్ ఖాసిం కాలం నుంచి తుపాకుల తయారీ పేరు ఉంది. అక్కడ లైసెన్సు ఉన్న కార్ఖానాలూ ఉన్నాయి, వాటి పక్కనే దొంగ తయారీ అపకీర్తీ ఉంది. సరైన ఉపాధి దొరకని నేర్పరి చేయి ఎటు మళ్లుతుందో తెలుసుకోవడానికి ముంగేర్ వైపు చూస్తే సరిపోతుంది.

ప్రస్తుతం ఉన్న దారులు కొన్నే. ఫిట్టరు, మెషినిస్టు, టర్నరు ట్రేడుల్లో ఏదైనా పూర్తిచేసి ఆయుధ కర్మాగారాల్లో అప్రెంటిస్‌గా చేరవచ్చు. పాత ఆయుధ కర్మాగారాల బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయి 7 సంస్థలుగా విడిపోయింది. చిన్న ఆయుధాలు చేసే ఈషాపూర్, కాన్పూర్, తిరుచిరాపల్లి కర్మాగారాలు ఇప్పుడు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా సంస్థ కింద ఉన్నాయి. తిరుచిరాపల్లి మనకు మరీ దూరమేమీ కాదు. సైన్యంలో ఆయుధాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్ ట్రేడు ఉంది. పోలీసు బెటాలియన్లలో, జిల్లా సాయుధ బలగాలలో ఆయుధాలు చూసే ఆర్మరర్లు ఉంటారు. ఇవేవీ అందనివారికి, కేవలం ఆసక్తితో మొదలుపెట్టేవారికి ఎయిర్ రైఫిల్ మంచి ప్రారంభం. 2016 నిబంధనల ప్రకారం 20 జౌల్స్‌కు మించని శక్తి, 0.177 అంగుళానికి మించని గొట్టం ఉన్న దానికి లైసెన్సు అక్కరలేదు. పిస్టన్ సీలు, స్ప్రింగు, ట్రిగ్గరు అమరిక అన్నీ అందులోనే నేర్చుకోవచ్చు. అయితే లోపలి స్ప్రింగు బలంగా అణిగి ఉంటుంది కాబట్టి దానిని అదిమిపట్టే బిగింపు పరికరం లేకుండా విప్పకూడదు, శక్తిని పెంచే ప్రయత్నం అసలే చేయకూడదు. చేస్తే మినహాయింపు పోతుంది.

షూటింగ్ క్రీడకు కూడా మరమ్మతు నిపుణులు కావాలి. టోక్యో ఒలింపిక్స్‌లో అర్హత పోటీ మధ్యలో పిస్టల్ మొరాయించి మను భాకర్ విలువైన నిమిషాలు కోల్పోవడం దేశమంతా చూసింది. ఆమె 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచిన తర్వాత ఊరూరా ఎయిర్ పిస్టల్ మీద మోజు పెరిగింది. ఆ పిస్టళ్లను చూసేవారు ఎక్కడున్నారు?

నా కోరిక పెద్దది కాదు. ఫిట్టరు ట్రేడు పూర్తిచేసిన కొద్దిమందిని ఎంపికచేసి, ఒక సంవత్సరం పాటు ఆయుధ మరమ్మతులో శిక్షణ ఇచ్చే చిన్న కోర్సును రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ హోం శాఖతో కలిసి ఆలోచించాలి. కర్నూలు రెండో బెటాలియన్, కడప పదకొండో బెటాలియన్ ఇక్కడే ఉన్నాయి. శిక్షణను బెటాలియన్ ప్రాంగణంలోనే, విశ్రాంత ఆర్మరర్ల చేత, పేలడానికి వీలులేకుండా చేసిన ఆయుధాల మీద జరిపిస్తే బయటకు పోయేది ఏమీ ఉండదు. కోర్టు తీర్పుల తర్వాత ధ్వంసం చేసే ఆయుధాల్లో కొన్నింటిని కోసి లోపలి భాగాలు కనబడేలా బోధనకు వాడుకోవచ్చు. లైసెన్సు ఉన్న మరమ్మతుదారులు పోలీసుల అనుమతితో ఒక్కొక్క శిష్యుడిని చేర్చుకొనే వీలు కల్పిస్తే, వారితోనే విద్య అంతరించిపోకుండా ఉంటుంది.

మొదటి బృందానికి చేతినిండా పని కూడా చూపించవచ్చు. ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లలో జమ చేయించడం మన జిల్లాల్లో ప్రతిసారీ జరిగేదే. అవి నెలల తరబడి ఒకచోట పడి ఉండి తుప్పు మరకలతో తిరిగివస్తాయని యజమానులు గొణుగుతుంటారు. జమ అయిన రోజున ప్రతి ఆయుధాన్నీ తెరిచి చూసి, గొట్టం తుడిచి నూనె పట్టించి, గది పొడవు, పరీక్షా ముద్రలు రాసి, వాడకానికి తగనివాటిని విడిగా పెట్టే పనిని ఈ శిక్షణార్థులకు ఆర్మరర్ల పర్యవేక్షణలో అప్పగించవచ్చు. తదుపరి ఎన్నికలకు ముందే ఈ విషయమై సంబంధిత అధికారులు ఒక నిర్ణయం తీసుకోవాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకొంటున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత ఫిట్టర్ ట్రేడు బోధకుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.
(పేరు ప్రచురించవద్దని మనవి)